థ కడుపులో చుక్క

ఒంగోలు కర్నూలు రోడ్డు కొట్టులో
గోడంతా వెలుగుతున్న పెట్టెలు.
అన్నిట్లో ఒకే సముద్రం, ఒకే చేప,
ఒకేసారి మా మీదికి తిరుగుద్ది.

మాల్యాద్రి అప్పుడే లెక్క కట్టేశాడు
చీరాల గుడ్డ మూరేసి కొలిచినట్టు:
"ఇరవై నాలుగంగుళాల మానిటరు పన్నెండు వేలా?
ఇంకో నాలుగు వేలేస్తే
నలభై మూడంగుళాల టీవీ వస్తంది గదే.
పగలు నీ టైపింగు, రాత్రి నా మ్యాచ్చి."

నేను మాట్లాడలా.
సంచిలోంచి పెన్‌డ్రైవు తీశా.

ఇరవై రెండేళ్ళు,
కందుకూరు బస్టాండు ఎదురు, మెట్ల కింద గది.
ఓణీల ఫంక్షన్లూ, గృహప్రవేశాలూ, పెద్దకర్మలూ
చిత్తుకాగితాల మీద తప్పులతో వచ్చి
నా బల్ల దాటేసరికి తలదువ్వుకుని పోవాలి.
ఊళ్ళో లెటర్‌హెడ్లన్నిట్లో
ప్రకాశం తీసి నెల్లూరు అని కొట్టిన వేళ్ళివి.
ఊరు ఉన్నచోటే ఉంది,
నా కీబోర్డు మీద 'న' మాత్రం అరిగిపోయింది.

పోయిన మాఘంలో
పాత మానిటరుకి కన్ను మసకబారింది.
రథోత్సవం కాస్తా రధోత్సవమైంది.
వెయ్యి కరపత్రాలు.
థ కడుపులో చుక్క,
ఆవగింజలో సగం కూడా ఉండదు,
రెండువేల నూరు రూపాయలు మింగింది.
తెలుగు మాస్టారు కోప్పడలా,
కళ్ళజోడు పైకి నెట్టుకుని
"రథానికి శీల పీకేశావు గదమ్మాయ్" అన్నాడు.
ఆ రాత్రి అన్నం సయించలా.

కొట్టు కుర్రాడు జిలానీ ముందు టీవీకి గుచ్చాడు.
అమ్మో, ఎంత వెలుగు!
నా కరపత్రం పెళ్ళిపందిరంత అయింది.
అంచులు మాత్రం అదే తినేసింది,
కింద గడియారం నడుముదాకా మునిగింది.
బాణం గుర్తు నా చేతి వెంట
తాడు లాగితే గానీ కదలని దూడలా
ఒక అడుగు వెనక.
ఎర్రక్షరాలు మొదటి ఉతుకులో చీరలాగా
రంగు దిగి పక్కవాటికి అంటుకున్నాయి.
లక్ష్మిలో మ వొత్తు ముద్దకట్టింది,
దాని చుట్టూ ఎవరూ అడగని తెల్లనీడ.

"కొంచెం దూరం జరిగి చూడక్కా" అన్నాడు జిలానీ.
జరిగా.
ఆరడుగుల అవతల్నుంచి అంతా బాగానే ఉంది.
అక్కణ్ణించి చూస్తే
నా రధోత్సవం కూడా బాగానే ఉంటది.
మా బల్ల మూరన్నర వెడల్పు, నాయనా.
దానెదురు కూర్చుని
ఈ మూలనుంచి ఆ మూలకి చూడాలంటే
మెడ తిరిగితే చాలదు,
కుర్చీతో సహా తిరగాలి.

మానిటరు చిన్నది.
దానికి పాట రాదు, మాట రాదు,
రిమోటు కూడా లేదు పాపం.
చేప దాంట్లో కాస్త పాలిపోయింది.
ఫైలు తెరిచా.
వొత్తు కింద వొత్తు, దీర్ఘం పక్కన దీర్ఘం
బళ్ళో పిల్లల్లా ఎడమిచ్చి నిలబడ్డాయి.
థ లోపల చుక్క,
నల్లగా, ఒంటిగా, తన చోట్లో.
వేలితో ముట్టబోయా,
జిలానీ "అక్కా, మరకపడుద్ది" అన్నాడు.

"ఇదే కట్టు" అన్నా.

బస్సులో పెట్టె మాల్యాద్రి ఒళ్ళో.
టంగుటూరు దాటిందాకా మాట్లాడలా.
సింగరాయకొండలో వేయించిన శనక్కాయలు కొని
పెట్టె మీదే వలుస్తా,
కిటికీలోంచి బయటికి చూస్తా అడిగాడు:
"ఇంతకీ దీంట్లో మ్యాచ్చి రాదా?"
"వస్తంది."
"బంతి కనపడుద్దా?"

"చుక్కంత కనపడుద్ది" అన్నా.

కాసేపాగి పొట్టు ఊదేసి
పెట్టెను తనవైపుకి ఇంకాస్త జరుపుకున్నాడు.